కోన్ల మధ్య తొలి పరుగు: ఆటోక్రాస్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆటోక్రాస్ గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంతవరకు ఒక్కసారి కూడా పాల్గొననివారు, లేదా ఒకసారి వెళ్ళి అయోమయంతో తిరిగివచ్చినవారు రాసినవే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, వాటిలో స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుకుని జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: రోజూ ఉద్యోగానికి వెళ్ళివచ్చే చిన్న హ్యాచ్‌బ్యాక్ తప్ప నా దగ్గర వేరే కారు లేదు. దానితో ఆటోక్రాస్‌లో పాల్గొంటానంటే మిత్రులు నవ్వుతున్నారు. కనీసం నూట యాభై హార్స్‌పవర్ లేనిదే అక్కడికి వెళ్ళడం దండగని వారంటున్నారు. నిజమేనా? అసలు ఈ పోటీ ఎలా ఉంటుందో కూడా కొంచెం వివరించగలరు.

జవాబు: మీ మిత్రులు బహుశా రేస్ ట్రాక్‌ను ఊహించుకుని మాట్లాడుతున్నారు. ఆటోక్రాస్‌లో విశాలమైన తారు నేల మీద, సాధారణంగా ఖాళీ పార్కింగ్ స్థలంలోనో వాడుకలో లేని రన్‌వే మీదో, నారింజ రంగు కోన్లతో ఒక మెలికల దారి గీస్తారు. కార్లు ఒకదాని తరువాత ఒకటి బయలుదేరి గడియారంతో పోటీపడతాయే తప్ప పక్క కారును దాటిపోవడమన్నది ఉండదు. దారి పెద్దదైతే రెండు మూడు కార్లు ఒకే సమయంలో దానిపై ఉండవచ్చు గాని, ఒకదానినొకటి అందుకోలేనంత ఎడం ఇచ్చి పంపుతారు. ఒక్కో పరుగు ముప్పై సెకన్ల నుంచి నిమిషం పైచిలుకు దాకా సాగుతుంది. రోజు మొత్తంలో నాలుగు నుంచి ఆరు పరుగులు దక్కుతాయి కాబట్టి, ఉదయం నుంచి సాయంత్రం వరకు అక్కడే ఉన్నా మీరు నిజంగా కారును పరిగెత్తించేది నాలుగైదు నిమిషాలేనని ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

పేరు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. యూరప్‌లో ఆటోక్రాస్ అంటే మట్టి నేల మీద అనేక కార్లు ఒకేసారి బయలుదేరే వేరొక పోటీ. బ్రిటన్‌లో మన వివరణకు దగ్గరగా ఉండేదాన్ని ఆటోసోలో అంటారు, జపాన్‌లో జిమ్‌ఖానా అంటారు. కొన్నిచోట్ల మట్టి మీద ఒక్కొక్క కారునే పంపే పోటీలు కూడా ఇదే పేరుతో జరుగుతాయి. మీరు చేరబోయేది ఏ రకమో పేరును బట్టి కాక నిబంధనల పత్రాన్ని చదివి నిర్ధారించుకోండి. ఇక్కడ చెప్పేదంతా తారు నేల మీద ఒంటరిగా పరిగెత్తే పోటీ గురించి.

ఇక హార్స్‌పవర్ సంగతి. మలుపులో కారు ఎంత వేగంగా తిరగగలదన్నది ఇంజిన్ కాదు, టైర్ల పట్టూ మలుపు వ్యాసార్ధమూ నిర్ణయిస్తాయి. పొడి తారు మీద మంచి రోడ్డు టైర్లు 0.9 జీ పట్టు, అంటే కారు బరువులో తొంభై శాతానికి సమానమైన పట్టు ఇస్తాయనుకుంటే, పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గరిష్ఠ వేగం గంటకు 34 కిలోమీటర్లు, ఇరవై మీటర్ల మలుపులో 48 కిలోమీటర్లు. అవే టైర్లు ఉంటే రెండు వందల హార్స్‌పవర్ కారుకూ ఈ అంకెలు దాదాపు ఇవే. దారిలో ఎక్కువ భాగం ఇటువంటి మలుపులతోనే నిండి ఉంటుంది, ముఖ్యంగా చిన్న కార్లకు మొదటి గేరులో బయలుదేరి రెండో గేరులోకి మారాక చివరిదాకా దానిలోనే ఉండే సందర్భాలు ఎక్కువ. బలమైన ఇంజిన్ వల్ల లాభం లేదనలేము, కాని తొలి ఏడాది అది అనుభవం లేనివారిని మలుపు దగ్గరకు మరింత వేగంగా చేర్చి మరింత తికమక పెడుతుంది. తక్కువ శక్తి గల కారు మీరు చేసిన తప్పును దాచదు. మలుపులో వేగం పోగొట్టుకుంటే దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పట్టే ఆలస్యం గడియారంలో స్పష్టంగా కనిపిస్తుంది. నేర్చుకునేవారికి అంతకంటే మంచి గురువు దొరకదు. మీ హ్యాచ్‌బ్యాక్‌తోనే వెళ్ళండి. ఎత్తైన ఎస్‌యూవీలు, వ్యాన్లు బోల్తా పడే అవకాశం వల్ల చాలాచోట్ల అనుమతించరు కనుక, మీ కారు ఆ కోవకు చెందదని మాత్రం సరిచూసుకోండి.

ప్రశ్న: వచ్చే నెల నా మొదటి పోటీ. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చమని ఒకరు, సస్పెన్షన్ కిందికి దించమని మరొకరు సలహా ఇస్తున్నారు. ఏది ముందు చేయించాలి?

జవాబు: ఏదీ చేయించకండి. కారులో మార్పులు చేస్తే మీరు తెలియకుండానే మరింత కఠినమైన తరగతిలోకి వెళ్ళిపోవచ్చు. చాలా నిబంధనలలో కారు కంపెనీ ఇచ్చిన రూపానికి దూరం జరిగే కొద్దీ బాగా తయారుచేసిన కార్లతో పోటీపడవలసి వస్తుంది. పైగా మీకే ఇంకా తెలియని కారు స్వభావాన్ని మార్చివేస్తే తరువాత ఏ లోపం మీదో, ఏది కొత్త భాగానిదో తేల్చుకోలేరు.

చేయవలసింది తనిఖీ. ఉదయం సాంకేతిక పరీక్షలో పరీక్షకులు ఏం చూస్తారో ఇంట్లో మీరే చూసుకోండి. బ్యాటరీని చేత్తో కదిపితే కదలకూడదు. యాక్సిలరేటర్ పెడల్ తొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. బ్రేక్ పెడల్ గట్టిగా తగలాలి, స్పాంజిలా మెత్తగా దిగకూడదు. జాకీ మీద చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులో ఆట ఉండకూడదు. ఇంజిన్ కింద నూనెగాని నీరుగాని కారుతూ ఉండకూడదు. చక్రాల నట్లు కారు పుస్తకంలో ఇచ్చిన బిగింపుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఉదయం ఒకసారి, రెండు పరుగుల తరువాత ఇంకొకసారి చూసుకునే అలవాటు చేసుకుంటే మరీ మంచిది. బ్రేక్ ద్రవం ఎన్నో ఏళ్ళుగా మార్చకపోతే మాత్రం మార్చండి, అది పోటీ కోసం కాదు, రోడ్డు కోసమే చేయవలసిన పని.

కారులోని వదులు వస్తువులన్నీ దింపేయాలి. డ్రైవర్ వైపు ఫ్లోర్ మ్యాట్, నీళ్ళ సీసా, డిక్కీలోని సామాను, సీట్ల కింద మరచిపోయిన గొడుగు కూడా. బ్రేక్ పెడల్ కిందికి దొర్లి వచ్చిన ఒక్క సీసా ఎంత పని చేయగలదో వివరించనవసరం లేదు. స్టెప్నీ, జాకీ తీయడం కొన్ని తరగతులలో అనుమతిస్తారు, గట్టిగా బిగించి ఉంటే తీయకపోయినా నష్టం లేదు.

టైర్లలో గాలి గురించి రెండు మాటలు. గట్టి మలుపులో రోడ్డు టైరు పక్కకు ఒరిగి అంచు మీద నిలబడుతుంది. అందుకని డోరు దగ్గర అతికించిన చీటీలోని అంకె కంటే కొంచెం ఎక్కువ గాలితో, అంటే టైరు మీద ముద్రించిన గరిష్ఠ పరిమితి దాటకుండా నాలుగైదు పీఎస్ఐ ఎక్కువతో, మొదలుపెట్టడం వాడుక. టైరు అంచు మీద చాక్‌పీస్‌తో మూడు నాలుగు చోట్ల అడ్డగీతలు గీయండి. పరుగు తరువాత గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంతవరకు ఒరుగుతోందో కళ్ళకు కనిపిస్తుంది. గీత పక్కగోడ మీదికి కూడా చెరిగిపోయి ఉంటే గాలి తక్కువైనట్టు, అంచును చేరకముందే మిగిలిపోయి ఉంటే ఎక్కువైనట్టు. టైరు వేడెక్కినకొద్దీ, సుమారు ఆరు డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున పీడనం పెరుగుతుంది కనుక పరుగుల మధ్య మళ్ళీ కొలుచుకోవాలి. ఇంటికి బయలుదేరే ముందు మామూలు పీడనానికి తీసుకురావడం మరువకండి.

కొనవలసినది ఏదైనా ఉంటే అది హెల్మెట్. స్నెల్ సంస్థ ఎం, ఎస్ఏ గుర్తులతో ధ్రువీకరించినవాటిని ఆటోక్రాస్‌లో సాధారణంగా అంగీకరిస్తారు. ఎం మోటారుసైకిళ్ళ కోసం రూపొందినది, ఎస్ఏ కార్ల పోటీల కోసం రూపొందినది. రెండవదానిలో లోపలి వస్త్రం మంటను తట్టుకుంటుంది. గుర్తు పక్కన ఉండే సంవత్సరం ఆ ప్రమాణపు సంచికను సూచిస్తుంది, ఎంత పాత సంచిక వరకు చెల్లుతుందన్నది నిర్వాహకుల నియమం. చాలాచోట్ల కొత్తవారికి అరువు హెల్మెట్లు ఇస్తారు, కాబట్టి ముందు అడిగి చూడండి.

ప్రశ్న: ఇటీవల మొదటిసారి పాల్గొన్నాను. మూడో మలుపు దాటేసరికి నా ముందు కోన్ల గుంపు తప్ప దారి కనిపించలేదు. ఏ వైపు వెళ్ళాలో తెలియక పొరపాటు గేటులోంచి (రెండు కోన్ల మధ్య సందులోంచి) వెళ్ళాను, నా పరుగు చెల్లలేదన్నారు. రెండోసారీ అదే జరిగింది. ఉదయం అందరితోపాటు దారంతా నడిచి చూసినా ఇలా ఎందుకు జరిగింది?

జవాబు: మీకు జరిగింది తొలిసారి వచ్చిన చాలామందికి జరిగేదే. ఈ ఆటలో అన్నిటికంటే ముఖ్యమైన పని కారు ఎక్కకముందే నడకలో జరుగుతుంది. దాన్ని షికారులా చేసినవారికి లోపల కోన్ల అడవే కనిపిస్తుంది. అందరితోపాటు నడిచానని మీరు రాశారు. చిక్కు బహుశా అక్కడే ఉంది. గుంపులో కబుర్లు చెప్పుకుంటూ ముందువాళ్ళ వీపులు చూస్తూ నడిస్తే కాళ్ళకు తప్ప కళ్ళకు దారి తెలియదు.

మొదటిసారి నడిచేటప్పుడు దారి తెలుసుకోవడం తప్ప మరో ఆలోచన పెట్టుకోకండి. నిలబడి ఉన్న కోన్ పక్కన పడుకోబెట్టిన కోన్ ఉంటే దాని మొన ఏ కోన్ వైపు చూపుతుందో, దాన్ని ఏ వైపునుంచి దాటాలో అది చెబుతుంది. మొన చూపుతున్న వైపునుంచి, అంటే నిలబడి ఉన్న కోన్‌కు అవతలి వైపునుంచి మీరు వెళ్ళాలి. నేల మీద సున్నపు గీతతో దారి అంచులు గీసి ఉంటే మీ పని మరింత సులువు, గీయకపోతే పడుకున్న కోన్లే మీ అక్షరాలు.

రెండోసారి ఒంటరిగా నడవండి. ఈసారి ప్రతి ముఖ్యమైన చోటా ఆగి మోకాళ్ళ మీద కూర్చోండి. చూసేవారు ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు, అనుభవజ్ఞులు చేసేదీ అదే. నిలబడినప్పుడు కోన్లు నేల మీద పటంలా విడివిడిగా పరచుకుని కనిపిస్తాయి. డ్రైవర్ కంటి ఎత్తుకు దిగగానే దగ్గరి కోన్, దాని వెనుక ఇరవై మీటర్ల దూరంలోనిదీ, పక్క భాగానికి చెందిన మరోటీ కలిసిపోయి ఒకే నారింజ గోడలా మారతాయి. మీకు మూడో మలుపు దగ్గర కనిపించినది ఈ గోడే. అక్కడ కూర్చుని, ఆ గోడలో మీకు నిజంగా అవసరమైన కోన్ ఏదో గుర్తు పెట్టుకోండి. ఒక మలుపులో పది కోన్లు ఉన్నా కారు దగ్గరగా వెళ్ళవలసినది సాధారణంగా ఒక్కదానికే. ఆ ఒక్కటి తెలిస్తే మిగిలిన తొమ్మిదీ కేవలం అలంకారం. దారి మొత్తంలో ఇటువంటి కోన్లు పన్నెండో పదిహేనో తేలతాయి, వాటినే వరుసగా గుర్తు పెట్టుకోండి. వాటి వెనుక దూరంగా ఏ స్తంభమో చెట్టో భవనమో ఉంటే దాన్ని కూడా జోడించుకుంటే తేలికగా గుర్తుంటుంది.

అదే నడకలో నేలను కూడా చూడాలి. సన్న కంకర పేరుకున్నచోటు, పార్కింగ్ గీతల రంగు, డ్రైనేజీ మూత, తారు అతుకు, నేల కాస్త వాలిన భాగం, ఇవన్నీ పట్టును తగ్గిస్తాయో పెంచుతాయో ఆలోచించండి. స్లాలమ్, అంటే ఒక్కో కోన్‌ను ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి దాటవలసిన వరుస, ఉంటే కోన్ల మధ్య దూరాన్ని అడుగులతో కొలవండి. దారి గీసేవారు సరదాకు ఒక ఎడం కావాలని తగ్గించి పెడుతుంటారు, పైకి సమానంగా కనిపించే ఆ వరుసలో మీ లయ తప్పించేది ఆ ఒక్క ఎడమే.

మూడోసారి వెనుకనుంచి ఆలోచించండి. దారిలో అన్నిటికంటే పొడవైన నేరు భాగం ఏది? దానిలోకి ప్రవేశించేటప్పుడు కారు ఎక్కడ, ఏ దిశలో ఉండాలి? అలా ఉండాలంటే అంతకుముందు మలుపులోకి ఎక్కడినుంచి రావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక్కో మలుపుకూ వెనక్కి తోడుకుంటూ పోతే, ఏ మలుపులో కొంత వేగాన్ని వదులుకోవాలో, ఎక్కడ వదులుకోకూడదో తేలుతుంది. కొత్తవారు ప్రతి మలుపునూ దాని మట్టుకు వేగంగా దాటాలని చూసి తరువాతిదానికి తప్పు చోట చేరుకుంటారు.

ఆ తరువాత మీ వంతు వచ్చేదాకా కళ్ళు మూసుకుని దారిని మనసులో పరిగెత్తించండి. ఎక్కడైనా తడబడితే అక్కడ దారి మీకు రానట్టే. వీలైతే మళ్ళీ వెళ్ళి చూడండి, వీలుకాకపోతే ఇతరుల పరుగులలో ఆ భాగాన్ని గమనించండి. మనసులోని పరుగుకు పట్టే కాలం అసలు పరుగు కాలానికి దగ్గరగా ఉంటే మీరు సిద్ధంగా ఉన్నట్టు.

కారులో కూర్చున్నాక ఒకే నియమం పాటించండి. కళ్ళు మీరు ఇప్పుడు దాటుతున్న కోన్ మీద కాక తరువాతిదాని మీద ఉండాలి. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు ఇరవై మీటర్లు పోతుంది, కోన్‌ను చూసి నిర్ణయించుకుని చేతులు కదిపేలోగా అది వెనకబడిపోతుంది. తల నిజంగా తిప్పి చూడాలి. ఇరుకైన మలుపులలో మీ చూపు ముందు అద్దంలోంచి కాక పక్క కిటికీలోంచి బయటికి పోవాలి.

ఇంత చేసినా దారి తప్పితే కంగారుపడి ఎదురుగా దొరికిన గేటులోంచి దూరకండి, వెనక్కి పోనివ్వకండి. వేగం తగ్గించి, కోన్ల దగ్గర కాపలా ఉండే మార్షల్ చూపిన వైపు నెమ్మదిగా ముగింపు రేఖ దాటి బయటికి రండి. ఆ పరుగు లెక్కలోకి రాదు, అంతే. మొదటి పరుగును ఎలాగూ పోయినదిగా భావించి, మామూలు వేగంలో దారి సరిచూసుకోవడానికే వాడుకోవాలన్నది మా సలహా. బయలుదేరేటప్పుడు కూడా తొందర అక్కరలేదు. చాలాచోట్ల మీరు జెండాకో దీపానికో స్పందించిన క్షణం నుంచి కాక, కొన్ని మీటర్ల ముందున్న కాంతిరేఖను కారు తాకిన క్షణం నుంచే సమయం మొదలవుతుంది.

ప్రశ్న: స్టీరింగ్ పూర్తిగా తిప్పినా కారు తిరగకుండా నేరుగా కోన్ల మీదికి పోతోంది. టైర్లు కీచుమంటున్నాయి. టైర్లు మార్చాలా?

జవాబు: మార్చవలసినది మలుపులోకి ప్రవేశించే వేగం. టైరు పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకు ఖర్చుపెట్టినది మలుపుకు మిగలదు. మీరు బహుశా బ్రేకు తొక్కుతూనే స్టీరింగ్ తిప్పుతున్నారు, కారు తిరగకపోయేసరికి మరింత తిప్పుతున్నారు. పట్టు దాటిపోయిన టైరును ఇంకా వంచితే అది నేల మీద రుద్దుకుంటుందే గాని తిరగదు.

లెక్కలో చూడండి. పది మీటర్ల మలుపుకు హద్దు 34 కిలోమీటర్లని పైన చెప్పుకున్నాము. మీరు 37 పైచిలుకుతో, అంటే పది శాతం ఎక్కువతో వచ్చారనుకుంటే, కారు పన్నెండు మీటర్లకు పైగా వ్యాసార్ధంలో తప్ప తిరగలేదు. స్పీడోమీటరులో కంటికి ఆనని ఆ మూడు కిలోమీటర్ల తేడా కారును రెండు మీటర్లు బయటికి నెట్టి మీ కోన్లన్నీ పడేస్తుంది.

బ్రేకు మలుపుకు ముందే, చక్రాలు నేరుగా ఉండగానే, గట్టిగా ఒకేసారి వేయండి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ కాలి కింద దడదడలాడితే భయపడి వదలవద్దు. తరువాత మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పండి. అప్పటికీ ముందు చక్రాలు జారితే ఒక్క క్షణం స్టీరింగ్‌ను కొంచెం వెనక్కి తేవడమే మందు. చేతులు దానికి ఒప్పుకోవు గాని పట్టు మళ్ళీ దొరుకుతుంది. కారు జారితే తనంతట తానే సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్‌ను తొలి పోటీలలో ఆపవద్దు. కోన్లను తగిలేది చాలాసార్లు ముందు బంపర్ కాదు, వెనుక చక్రం. తక్కువ వేగపు మలుపులో వెనుక చక్రాలు ముందువాటి కంటే లోపలి దారి పడతాయి. మీ వైపు అద్దం కోన్‌ను దాటిందని తొందరపడి తిప్పితే వెనుక డోరు కింద అది నలుగుతుంది.

స్లాలమ్‌లోనూ తొందర చేటే, కాకపోతే అక్కడ ఆలస్యమే అసలు శత్రువు. ఒక కోన్‌ను దాటే సమయానికి కారు ముందుభాగం తరువాతి కోన్ వైపు తిరిగి ఉండాలి. కోన్ దాటాక తిప్పడం మొదలుపెడితే ప్రతి కోన్ దగ్గరా ఆలస్యం పేరుకుని, నాలుగో కోన్ దగ్గర బ్రేకు వేయక తప్పదు.

ప్రశ్న: ఆటోమేటిక్ గేర్ల కారు పనికొస్తుందా?

జవాబు: నిస్సందేహంగా. గేరును చేత్తో ఎంచుకునే వీలుంటే రెండులో ఉంచండి. ఒక పని తగ్గుతుంది కనుక కొత్తవారికి కొంత మేలు కూడా.

ప్రశ్న: రుసుము కట్టి వచ్చినవాళ్ళ చేత ఎండలో నిలబెట్టి కోన్లు ఏరించడం న్యాయమేనా? తప్పించుకునే మార్గం ఉందా?

జవాబు: ఉన్నా చెప్పము. పోటీదారులే వంతులవారీగా మార్షళ్ళుగా పనిచేయడం వల్లే ఈ క్రీడ సామాన్యులకు అందుబాటులో ఉంది. అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా మొదలుకొని చిన్న క్లబ్బుల దాకా ఎక్కువ చోట్ల ఇదే పద్ధతి. పని ఎగ్గొడితే మీ సమయాలను రద్దు చేసే నియమం కూడా చాలాచోట్ల ఉంటుంది.

న్యాయం మాట అటుంచి, లాభం చూడండి. మీకు కష్టమైన మలుపు దగ్గరే పని అడిగి తీసుకోండి. పాతిక కార్లు ఒకే చోట ఎక్కడ బ్రేకు వేస్తున్నాయో, ఎవరి టైర్లు అరుస్తున్నాయో, ఎవరివి మౌనంగా పోతున్నాయో పక్కనుంచి చూసే అవకాశం ఇంకెక్కడా రాదు. అక్కడ ప్రతి కోన్ అడుగు చుట్టూ నేల మీద సున్నంతో గీసిన చతురస్రం ఉంటుంది. కోన్ పడిపోయినా, నిలబడే ఉండి ఆ గీత బయటికి పూర్తిగా జరిగినా శిక్ష పడుతుంది. ఏ కొంచెమైనా గీతను అంటిపెట్టుకుని ఉంటే పడదు. కారు నంబరు, కోన్ల సంఖ్య రేడియోలో చెప్పి, తరువాతి కారు రాకముందే కోన్‌ను గీతలో నిలబెట్టాలి. ఎప్పుడూ వస్తున్న కారు వైపు ముఖం పెట్టి నిలబడండి. కూర్చోకండి, ఫోను తీయకండి, వీపు తిప్పకండి. ఎర్ర జెండా చేతికి అందేలా ఉండాలి. మీరు డ్రైవరుగా ఉన్నప్పుడు అదే జెండా కనిపిస్తే అదుపు తప్పకుండా ఎంత త్వరగా ఆగగలరో అంత త్వరగా ఆగాలి, తరువాత మళ్ళీ పరుగు ఇస్తారు. మీకంటే ముందు వెళ్ళినవారు పడేసిన కోన్ మీ దారిలో కనిపించినా సాధారణంగా ఆగి దానివైపు చేయి చూపిస్తే మరో పరుగు దక్కుతుంది, పరుగు పూర్తి చేసి వచ్చి అడిగితే మాత్రం దక్కదు.

ప్రశ్న: మా అబ్బాయికి లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆటోక్రాస్‌కు వెళతానని పట్టుబడుతున్నాడు. తండ్రిగా నాకు భయంగా ఉంది. వద్దనాలా?

జవాబు: వద్దనవద్దండీ, ఒకసారి మీరూ వెంట వెళ్ళండి. ఒక్కొక్క కారే పరిగెత్తడం, వేగాలు హైవే వేగాన్ని మించకపోవడం, దారికి దగ్గరలో స్తంభాలూ గోడలూ లేకుండా ఖాళీ వదలడం వల్ల మోటారు క్రీడలలో దీన్ని ప్రమాదం తక్కువ ఉన్నవాటిలో ఒకటిగా లెక్కిస్తారు. కారు అదుపు తప్పితే ఎక్కువసార్లు సుడి తిరిగి కోన్లు పడేసి ఆగిపోతుంది. చక్రాలు జారడమంటే ఏమిటో, గట్టిగా బ్రేకు వేస్తే కారు ఎంత దూరంలో ఆగుతుందో అతనికి రోడ్డు మీద కాక అక్కడ తెలియడం మీకు ఊరట కలిగించే విషయమే కావాలి.

అయినా మూడు సంగతులు చూసుకోండి. చాలా వాహన బీమాలు పోటీలలోనూ వేగ పరీక్షలలోనూ జరిగిన నష్టాన్ని మినహాయిస్తాయి, కనుక పాలసీ చదివి, సందేహముంటే బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అబ్బాయి మైనరైతే మీ సంతకం అవసరమవుతుంది, ఆ పత్రాన్ని చదవకుండా సంతకం చేయవద్దు. మూడోది, నిర్వాహకులు శిక్షకుణ్ణి పక్క సీటులో కూర్చోబెట్టే ఏర్పాటు చేస్తే దాన్ని తప్పక వాడుకోమనండి. మా మట్టుకు మాకు పరుగుల కంటే, కార్లూ మనుషులూ కలగాపులగంగా ఉండే పార్కింగ్ చోటే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. అక్కడ నడక వేగం దాటకూడదన్న నియమాన్ని కుర్రవాళ్ళు తరచు మరచిపోతారు. ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఆ ఉత్సాహం దిగేదాకా కాసేపు ఆగి, స్టీరింగ్ మీరు పట్టుకుంటే మంచిది.

ప్రశ్న: నేను 58.4 సెకన్లలో వచ్చాను. 59.9లో వచ్చినాయన నాకంటే పైన ఉన్నాడు. మరొకరు 60 సెకన్లు తీసుకుని కూడా మొత్తం జాబితాలో ఇద్దరికంటే ముందున్నారు. ఇదేం లెక్క?

జవాబు: మీరు ఒక కోన్ పడేసి ఉంటారు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నిబంధనలలో కోన్‌కు రెండు సెకన్లు కలుపుతారు, చాలా క్లబ్బులు అదే పాటిస్తాయి. అప్పుడు మీది 60.4 అవుతుంది. మూడో వ్యక్తి సంగతి వేరు. భిన్నమైన కార్లను ఒకే జాబితాలో పోల్చడానికి తరగతికొక గుణకం పెట్టి సమయాన్ని దానితో గుణిస్తారు. ఉదాహరణకు గుణకం 0.80 ఉన్న నెమ్మది కారు 60 సెకన్లలో వస్తే అది 48 అవుతుంది. గుణకం 0.90 ఉన్న వేగపు కారు 56లో వచ్చినా 50.4 అవుతుంది. మీ తరగతిలో మీ స్థానం చూసుకోండి, అంతకంటే ముఖ్యంగా మీ తొలి పరుగుకూ చివరి పరుగుకూ మధ్య ఎంత తగ్గిందో చూసుకోండి.

ప్రశ్న: పోటీ రోజు వర్షం పడితే రద్దవుతుందా? తడి నేల మీద పాల్గొనడం కొత్తవారికి మంచిదేనా?

జవాబు: మామూలు వానకు రద్దు చేయరు. కొత్తవారికి అది మేలే చేస్తుంది, ఎందుకంటే పొడి నేల మీద వేగంలో జరిగే ప్రతిదీ తడి నేల మీద తక్కువ వేగంలో, గ్రహించడానికి వీలుగా జరుగుతుంది. పట్టు 0.9 నుంచి 0.6 జీకి తగ్గిందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి పట్టే దూరం సుమారు పదహారు మీటర్ల నుంచి ఇరవై నాలుగుకు పెరుగుతుంది. బ్రేకు వేసే చోటును ఆ మేరకు వెనక్కి జరుపుకోండి. పార్కింగ్ గీతల రంగు మీద, ఇనుప మూతల మీద చక్రం పడకుండా చూడండి, తడిసినప్పుడు వాటిమీద పట్టు బాగా తగ్గిపోతుంది. బయలుదేరేటప్పుడు చక్రాలు ఊరికే తిరిగిపోకుండా క్లచ్ నెమ్మదిగా వదలండి. హెల్మెట్‌తో కూర్చున్నాక ఊపిరి ఆవిరితో అద్దం క్షణాలలో మసకబారుతుంది కనుక గ్రిడ్‌లో, అంటే బయలుదేరడానికి ఆగే వరుసలో, ఉండగానే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పి ఉంచండి. బూట్ల అడుగు తుడుచుకోవడానికి సీటు పక్కన ఒక పొడి గుడ్డ పెట్టుకోండి, పరుగు మొదలుకాకముందు దాన్ని బయట ఎవరికైనా ఇచ్చేయండి. ఉరుములూ మెరుపులూ మొదలైతే మాత్రం నిర్వాహకులు పరుగులు ఆపి మార్షళ్ళను లోపలికి పిలుస్తారు. అప్పుడు కారులోనే కూర్చుని, మళ్ళీ మొదలయ్యాక మీ వంతు వచ్చేముందు టైర్ల గాలి ఒకసారి కొలుచుకోండి, చల్లబడిన టైర్లలో అది తగ్గి ఉంటుంది.